చివర్న ఒక దీర్ఘం

జానకీదేవిని పార్లమెంటుకు పట్టుకెళ్తున్నారట, అక్కడ ఆమెకు శిక్ష వేస్తారట, ఆ కాగితం రాసిపెట్టిన ఆవిడక్కూడా ఏదో ఒకటి ఉంటుందట. పై అంతస్తు కమలాకుమారి గారు ఇలా అన్నారని ఇస్త్రీ బండి ఆవిడ నాకు చెప్పింది. ఆ రాసిపెట్టిన ఆవిడ నేనే. నా చీర మీద నిప్పుల పెట్టె తోస్తూ నా మొహం మీదే చెప్పింది, పాపం ఆమెకు తెలియదు.

ఢిల్లీ సరోజినీ నగర్ క్వార్టర్లలో ఒకింట్లో పోపు పెడితే మూడిళ్ళలో తుమ్ముతారు. కాబట్టి మాట పుట్టడం వింత కాదు. పుట్టిన మాటకు ఇంత తొందరగా కాళ్ళొచ్చి మెయిన్ రోడ్డు దాకా నడవడమే వింత. నేను చీరలు అక్కడే వదిలేసి జానకీదేవి ఇంటికి వెళ్ళాను.

ఆమె ఉండేది మా కింది వాటాలో, తమ్ముడు సదాశివరావు దగ్గర. కంభం దగ్గర పల్లె వాళ్ళది. ఆ ఊళ్ళో గడపకొకరు మిలిటరీలోనో, మిలిటరీని అంటిపెట్టుకున్న ఉద్యోగాల్లోనో ఉంటారు. ఆమె భర్త చిట్టిబాబు కంటోన్మెంటులో ఒక మిలిటరీ డిపోలో బరువులు ఎత్తి దించే పనివాడు. మూడేళ్ళ క్రితం ఎత్తిన మోటారు జారి మీద పడి పోయాడు. డిపో నుంచి ఒకే ఒక్క కాగితం వచ్చింది. అందులో ఒకే ఒక్క వాక్యం: మృతుని నిర్లక్ష్యం వల్ల జరిగిన ప్రమాదం.

ఆ వాక్యం ఊరికి వెళ్ళి ఏం చేసిందో జానకీదేవి ఎవరికీ చెప్పేది కాదు. నాకొకసారి చెప్పింది. పోస్టుమాస్టరు ఆ కాగితం చదివి నిర్లక్ష్యం అని అర్థం చెప్తే, పక్కన కూర్చున్నవాడెవడో, అంటే తాగి పనిలోకి పోయినాడన్నమాట, అన్నాడట. ఆ రోజు నుంచి ఊళ్ళో చిట్టిబాబు తాగి చచ్చినవాడే. జీవితంలో సోడా తప్ప ఇంకోటి ఎరగని మనిషి. ఆయన తండ్రి ఆ తర్వాత రచ్చబండ వైపు పోవడం మానేశాడు.

అసలు సంగతేమిటంటే, పోయే ముందు రోజు చిట్టిబాబు అన్నం తింటూ పెళ్ళాంతో ఒక మాట అన్నాడు. “గొలుసు చివర కొక్కెం నోరు తెరుచుకోనుంది. పుస్తకంలో రాసినాను, మారుస్తారులే” అన్నాడు. డిపోలో అట్లాంటి లోపాలు రాయడానికి ఒక పుస్తకం ఉంటుంది. ఆయన తెలుగులోనే రాస్తాడు, కింద ఇంగ్లీషు సంతకం పెడతాడు. తర్వాత విచారణ జరిగింది. ఆ విచారణ కాగితాల్లో ఆ పేజీ ఉండి తీరాలని జానకీదేవి నమ్మకం. ఆ పేజీ ఒక్కటి చేతికొస్తే ఊరికి తీసుకుపోయి, ఆ పోస్టాఫీసు అరుగు మీదే నిలబడి చదివించాలని ఆమె పంతం. డిపోకు ఇరవై ఒక్కసార్లు రాసింది. ఇరవై ఒక్క జవాబులొచ్చాయి. తేదీలు వేరు, సంతకాలు వేరు, మాట ఒకటే: గోపనీయం.

జానకీదేవి జాకెట్లు కుడుతుంది. మా బ్లాకులో ఆమె కొలతలు తీసుకోని ఆడది లేదు. ఎవరి మెడ ఎంత లోతో ఆమెకు తెలుసు, చెప్పదు. అంత గుట్టున్న మనిషికే గుట్టు అనే మాటంటే ఒళ్ళు మండేదంటే చూడండి.

తొంభై ఎనిమిది చలికాలం మొదలవుతోంది. ఉల్లిపాయ దొరక్క జనం సాంబారులో ముల్లంగితో సరిపెట్టుకుంటున్న రోజులు. ఒక ఆదివారం మా ఆయన పేపరు చదువుతూ, ప్రభుత్వ కాగితాలు జనానికి చూపించే చట్టం ఒకటి తెస్తారట, ముసాయిదా పార్లమెంటు కమిటీ చేతిలో ఉందట, జనం ఏమనుకుంటున్నారో రాసి పంపమంటున్నారు అన్నాడు. జానకీదేవి అప్పుడు మా వరండాలో నా జాకెట్టుకు హుక్కులు కుడుతోంది. సూది ఆగింది.

“ఎవరైనా రాయొచ్చా, అబ్బాయ్?” అంది.

ఎవరైనా అన్నాడు మా ఆయన. ఆ తర్వాత ముసాయిదా కాగితాలు కూడా ఎక్కడో సంపాదించి తెచ్చాడు. అందులో ఒక సెక్షను ఉంది. ఫలానా ఫలానా సంస్థలకు ఈ చట్టం వర్తించదు అని. వాటిల్లో డిపో లాంటివన్నీ వస్తాయి. అంటే ఇన్నాళ్ళూ ఎవరో గుమాస్తా గోపనీయం అంటున్నాడు, రేపటి నుంచి చట్టమే అంటుంది. ఆమె ఆ సంగతి రెండుసార్లు చెప్పించుకుని, మూడోసారి, “తలుపు తెరుస్తామని చెప్పి గోడ కడతన్నారన్నమాట, రాయి హైమా” అంది.

రాసేదాన్ని నేను. మాది తెనాలి పక్క పల్లె. తెనాలి కాలేజీలో బి.ఏ. చేశాను, హిందీ పరీక్షలు మధ్యమ దాకా కట్టాను. మా ఊరి హిందీ పంతులుగారిదొక సూత్రం ఉండేది. తెలుగు మాట చివర్న ఒక దీర్ఘం పెట్టండర్రా, సగం హిందీ వచ్చేసినట్టే అనేవారు. భాష భాషా అవుతుంది, సేవ సేవా అవుతుంది, కవిత కవితా అవుతుంది. ఢిల్లీలో పదకొండేళ్ళు ఆ దీర్ఘం పట్టుకునే ఈదుకొచ్చాను. పేపర్లో జనం ఆలోచనలు పంపమన్నారని మా ఆయన చెప్పాడు గనక, ఫుల్‌స్కేప్ కాగితం మీద కొత్త చట్టం గురించి ఎర్ర సిరాతో హిందీ మకుటం పెట్టాను: జానకీదేవి కీ ఆలోచనా.

కింద సంగతంతా అదే హిందీలో ఒక పేజీ రాశాను. ఆఖర్న ఆమె చెప్పింది చెప్పినట్టు: చనిపోయిన మనిషి గురించిన కాగితం ఆ మనిషి ఇంటివాళ్ళకు ఇవ్వాలి, ఇవ్వనక్కరలేదనే సెక్షను కొట్టెయ్యాలి. ఆమె తెలుగులో సంతకం చేసింది. పోస్టు చేసే ముందు మేడ మీద ఎండలో జుట్టారబెట్టుకుంటున్న ఆడవాళ్ళందరికీ చదివి వినిపించమంది. వినిపించాను. కమలాకుమారి గారు కూడా విన్నారు, బాగుందన్నారు.

నెలన్నరకి జవాబొచ్చింది. పార్లమెంటు అనెక్సుకు వచ్చి కమిటీ ముందు మౌఖిక సాక్ష్యం ఇవ్వాలని, భాష రాకపోతే తోడు ఒకరిని తెచ్చుకోవచ్చని. సాక్ష్యం అనే మాట పట్టుకునే కమలాకుమారి గారు శిక్ష దాకా పోయారు. సాక్ష్యమంటే కోర్టు, కోర్టంటే నేరం, నేరమంటే శిక్ష. మనవాళ్ళ లెక్క అది. ఇంకో ముక్క కూడా ఉంది ఆ ఉత్తరంలో: మీరు పంపిన వినతిపత్రం కమిటీ రికార్డు, కమిటీ నివేదిక ఇచ్చేదాకా రహస్యం, బయట ఎవరికీ చూపరాదు.

ఇది చదివి వినిపించినప్పుడు జానకీదేవి నవ్విన నవ్వు నాకింకా గుర్తే. నేను రాయించింది నేనే ఎవరికీ చెప్పగూడదా, ఇదేం చోద్యం, గుట్టు విప్పమని అడిగితే ఆ అడగడాన్ని కూడా గుట్టులో కలిపేసుకున్నారే అని. అప్పటికే మేడ మీద పదిహేను మంది ఆడవాళ్ళకు చదివేశామని గుర్తొచ్చి నాకు నవ్వు రాలేదు.

ఇస్త్రీ బండి దగ్గర నుంచి నేను పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి సదాశివరావు ఆఫీసు నుంచి వేళ కాని వేళ వచ్చి ఉన్నాడు. ఒక మంత్రిత్వ శాఖలో యు.డి.సి. గుమాస్తా. ఫైలు నోరు విప్పమంటే తప్ప నోరు విప్పని రకం. ఆ రోజు చేతిలో లావుపాటి హిందీ నిఘంటువు ఉంది.

“హైమవతి గారూ, మీరేం రాశారో మీకు తెలుసా?” అన్నాడు.

జరిగిందేమిటంటే, కమిటీ తనకొచ్చిన కాగితాలను జవాబు కోసం శాఖలకు పంపింది. అందులో ఒక ప్రతి తిరిగి తిరిగి సదాశివరావు పై అధికారి బల్ల మీద వాలింది. చిరునామాలో కేరాఫ్ సదాశివరావు అనుంది. ఆయన పిలిచి, మీ అక్క గవర్నమెంటు మీద ఆలోచనా రాసిందటగా, గవర్నమెంటు క్వార్టర్లోనే కూర్చుని, అన్నాడట. ప్రమోషను జాబితా ఆయన బల్ల మీదే ఉందని కూడా ఊరికే అన్నట్టు అన్నాడట. ఆలోచిస్తే తప్పేమిటని సదాశివరావు అనుకున్నాడు. లైబ్రరీకి పోయి నిఘంటువు తీస్తే గాని తెలియలేదు.

వేలు పెట్టి చూపించాడు. నేను చదివాను. హిందీలో ఆలోచనా అంటే ఆలోచన కాదు. తప్పులెంచడం. విమర్శించడం. కడిగెయ్యడం.

మా పంతులుగారు ఎదురుగా ఉంటే ఏం చేసేదాన్నో తెలియదు. వందలమంది సలహాలు, సూచనలు అని అణకువగా రాసి పంపుకుంటే, ఎర్ర సిరాతో ‘జానకీదేవి విమర్శ’ అని పంపింది నేనొక్కదాన్నే. అందుకే ఆమెను పిలిచారు.

సదాశివరావు అప్పటికే ఇంగ్లీషులో ఒక కాగితం తయారుచేసుకుని వచ్చాడు. భాష రాక పొరపాటు జరిగింది, ఆ మాటకు క్షమించండి, వినతి వెనక్కు తీసుకుంటున్నాను అని. చుక్కల గీత కూడా గీశాడు సంతకానికి. “ఒక్క సంతకమక్కా, అయిపోతుంది” అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది. ఇద్దరు పిల్లల స్కూలు, ఈ రెండు గదులు, ఆయన పద్దెనిమిదేళ్ళ నౌకరీ అన్నీ ఆ గొంతులో ఉన్నాయి.

జానకీదేవి కుట్టుమిషను ఆపి ఆ కాగితం పుచ్చుకుంది. తిప్పి వెనక వైపు ఖాళీగా ఉందో లేదో చూసింది.

తప్పు నాదక్కా, మాట తెలియక రాశానన్నాను.

“వాళ్ళ భాషలో ఆ మాటకు అర్థం ఏందన్నావు?”

“తప్పులెంచడం.”

“మరి నేను నీతో రాయించింది ఏంది? పొగడ్తా?” అంది. తర్వాత తమ్ముడి వైపు తిరిగింది. “సదాశివా, నీ ఉద్యోగానికి నేను అడ్డమైతే చెప్పు, రేపే మన తెలుగోళ్ళు ఎవరింట్లోనన్నా ఒక గది చూసుకుంటా. మీ బావ పుస్తకంలో రాసిన మాటను దాచిపెట్టినారు. ఇప్పుడు నా మాటను నేనే తుడిచేసుకుంటే ఇంక వాళ్ళకు పనేముంది?”

సదాశివరావు నిఘంటువు చంకలో పెట్టుకుని, అన్నం తినకుండా మళ్ళీ ఆఫీసుకు వెళ్ళిపోయాడు. ఆమె ఆ క్షమాపణ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, సుద్దతో గీత గీసి, కత్తెరతో జాకెట్టు మెడ ఆకారం కత్తిరించింది. కాగితం మందంగా ఉంది, ఊరికే పోనిస్తే ఎట్లా, అంది. ఆ మెడతో కుట్టిన జాకెట్టు కమలాకుమారి గారిది. ఈ సంగతి ఆవిడకు నేనింతవరకు చెప్పలేదు.

ఇక కమిటీ రమ్మన్న గురువారం పొద్దున నేను తయారై కిందికి దిగేసరికి వాళ్ళింటి బల్ల మీద ఒక ఫైలు ఉంది. ఇరవై ఒక్క జవాబులు తేదీల వరసన, ఎడమ మూల రంధ్రం, ఆకుపచ్చ తాడు. ప్రతి పేజీకి నంబరు. పక్కన బయటికి కనిపించేటట్టు చీటీలు అంటించి ఉన్నాయి, ఫ్లాగ్ ఎ, ఫ్లాగ్ బి, అలా. మొదటి పేజీ మీద పెన్సిలుతో ఒక లైను: గోపనీయం అనడానికి ఏ రూలో ఒక్క జవాబులోనూ చెప్పలేదు, అది అడగండి. సదాశివరావు ఇంట్లో లేడు. రోజూ కంటే గంట ముందే వెళ్ళాడని ఆయన భార్య ఉమ చెప్పింది. జానకీదేవి ఫైలు రెండు చేతులతో తీసుకుని తాడు ముడి సవరించింది.

బ్లూలైను బస్సులో నిలబడే వెళ్ళాం. గేటు దగ్గర పాసు రాసేవాడు ఏ సంస్థ అన్నాడు. సంస్థ లేదన్నాను. ఖాళీగా వదిలెయ్యడం కుదరదన్నాడు. జానకీదేవి సంగతేమిటని అడిగి, “ఇల్లు అని రాయమను” అంది. రాశాడు.

లోపల గుర్రపు నాడా ఆకారంలో బల్ల. ప్రతి కుర్చీ ముందూ ఒక మైకు, ఒక గ్లాసు నీళ్ళు, చిన్న ప్లేటులో జీడిపప్పు. పన్నెండు మంది దాకా సభ్యులు. మాకు ముందు ఒక పెద్ద లాయరు గారు ఇంగ్లీషులో గంట మాట్లాడి వెళ్ళాడు. ఆయన మాట్లాడినంతసేపూ జీడిపప్పు ప్లేట్ల వైపు చేతులు కదిలాయి. మూలన ఇద్దరు కూర్చుని అన్న ప్రతి మాటా రాసుకుంటున్నారు. ఒక పక్కన శాఖ తరఫున వచ్చిన అధికారి, తెల్లటి చొక్కా, పెద్దమనిషి.

కమిటీ అధ్యక్షుడు పెద్దాయన, మంచివాడు. అది చెప్పకపోతే పాపం. మా కాగితం ఎత్తి పట్టుకుని మకుటం చదివాడు. బల్ల చుట్టూ నవ్వు తిరిగింది. అమ్మా, మీరు దక్షిణాది వాళ్ళు, ఈ మాట పొరపాటున పడి ఉంటుంది, మీ ఉద్దేశం ‘విచార్’ కదా, రికార్డులో అలా దిద్దించేస్తాను, ఎవరికీ ఇబ్బంది ఉండదు అన్నాడు హిందీలో.

నేను ఆమెకు తెలుగులో చెప్పాను. ఆలోచనా కొట్టేసి విచార్ అని పెడతారట, మన ఆలోచనకు వాళ్ళ మాట అదట.

ఆమె ఫైలు తన ముందుకు జరుపుకుంది. “విచారం మూడేండ్లు పడినా. ఇంక పడను. ముందు రాసిందే ఉండనీమను.”

అది హిందీలో చెప్పడం నా వల్ల ఎలా అవుతుంది. వాళ్ళ విచార్ మా దగ్గర దుఃఖమని, మా ఆలోచన వాళ్ళ దగ్గర విమర్శ అని, ముందు ఆ చిక్కంతా విప్పి, ఆ తర్వాత ఆమె మాట చెప్పాను. మాట తప్పు నాదే గాని మాట మార్చడం ఆమెకు ఇష్టం లేదని కూడా చెప్పాను. మళ్ళీ నవ్వు మొదలైంది, సగంలో ఆగింది. అధ్యక్షుడు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మకుటం ఉన్నదున్నట్టే ఉంచండని మూలనున్న వాళ్ళతో అన్నాడు.

ఆ తర్వాత ఆమె చెప్పింది, నేను హిందీలోకి తిప్పాను. కొక్కెం, పుస్తకం, నిర్లక్ష్యం అనే మాట, పోస్టాఫీసు అరుగు. ఫ్లాగు తర్వాత ఫ్లాగు తీసి చూపించాను. ఏ రూలు ప్రకారం గోపనీయం అని సదాశివరావు పెన్సిలు ప్రశ్న కూడా అడిగాను, ఎవరు రాసిచ్చారో చెప్పకుండా. ఒక సభ్యుడు, చెన్నై వైపు ఆయన అనుకుంటా, అవును, ఏ రూలు? అని అధికారి వైపు తిరిగాడు.

అధికారి లేచాడు. మృతుని కుటుంబం పట్ల శాఖకు ఎంతో సానుభూతి ఉందన్నాడు. అయితే ఇది ఒక్క కుటుంబం సంగతి కాదన్నాడు. డిపో పుస్తకాల్లో ఏ యంత్రం ఎప్పుడు పాడైందో, ఏ పరికరం ఎంత బలహీనంగా ఉందో అన్నీ ఉంటాయి, ఇవాళ ఒక పేజీ ఇస్తే రేపు పుస్తకం అడుగుతారు, అది శత్రువుకు తెలియకూడదు గనకనే ఆ సెక్షను పెట్టాం, అది ఉండి తీరాలి అన్నాడు. నెమ్మదిగా, పిల్లలకు చెప్పినట్టు చెప్పాడు. రెండు మూడు తలలు ఊగాయి. అధ్యక్షుడు గడియారం చూసుకుని, ఆఖరిగా ఏమైనా చెప్పాలా అని మా వైపు చూశాడు.

నేను తెలుగులో చెప్పబోతే జానకీదేవి నా మణికట్టు మీద చెయ్యి వేసి ఆపింది. శత్రువు, దుష్మన్ అనే ముక్కలు ఆమెకు తెలిసిపోయాయి. కుర్చీలోంచి లేచి, మైకు వైపు చూడకుండా, నేరుగా ఆ అధికారి వైపు చూసి, సరోజినీ నగర్ మార్కెట్లో లైనింగు గుడ్డ బేరమాడే తన హిందీలోనే అడిగింది. దీర్ఘాలన్నీ తప్పే. అర్థం కానిది ఒక్కటీ లేదు.

“కొక్కెం నోరు తెరిచిందని మా ఆయనకు తెలుసు. పుస్తకం మీ దగ్గరుంది, మీకు తెలుసు. విచారణ చేసినోళ్ళకు తెలుసు. తెలియనిది నాకొక్కదానికే. అయితే సాబ్, ఆ దుష్మన్‌ నేనేనా?”